గేటు బయటివాళ్ళ మాట

1

ఈ ఏడాది ఆస్పత్రి నడిపే మా సంగానికి మార్కులు వేసే పని నా మీద పడింది. వద్దన్నాను. వినలేదు. "నర్సువి, ఇందరి ఒళ్ళు చూసినదానివి, సంగం ఒళ్ళు సూడలేవేటి?" అన్నాడు బుద్దయ్య మావ. ఆయన మా సంగానికి పెద్ద. చేసిన పని చేసినట్టు రోజూ కాస్త రాసుకోమన్నారు కాబట్టి రాస్తున్నాను.

నా పేరు లక్కిమి. సవరలం. వంశధారకి ఇవతల కొండ మీద మా ఆస్పత్రి ఉంది. కింద మైదానంలో ఎండాకాలం మనిషి బయట బతకలేని రోజులొచ్చాక, వీలున్నవాళ్ళు కప్పు కింద కట్టుకున్న చల్లూళ్ళలోకి పోయారు. మిగిలినవాళ్ళు కొండలెక్కడం మొదలుపెట్టారు. అప్పుడు మా అమ్మల తరం కట్టిందీ ఆస్పత్రి. ఇప్పటికీ వచ్చినవాళ్ళకి కొండ కింద గేటు దగ్గర చేతికి పట్టీ కడతాం. గుండె, ఊపిరి, ఒంటి వేడి ఆ పట్టీయే చూస్తుంటుంది. అది కట్టాక తీగబండి ఎక్కించి పైకి తెస్తాం.

నిరుటి దాకా మార్కులు వేసింది, ఆస్పత్రులన్నిటి మీదా అజమాయిషీ చేసే మండలి వాళ్ళ యంత్రం. పట్టీల్లోంచి లెక్క తీసుకుని, ఎంతమంది నయమయ్యారో, ఎంతమంది పోయారో చూసి మార్కు చెప్పేది. మాకెప్పుడూ మంచి మార్కే. అయినా మా పెద్దలు మండలితో పోట్లాడారు. జ్వరం తగ్గిందా అని అడుగుతుంది గానీ, ఆ మనిషి పక్కన ఎవరైనా కూర్చున్నారా అని అడగదే ఆ యంత్రం అని. పోట్లాడగా పోట్లాడగా కొత్త చట్టం వచ్చింది. కొండవాళ్ళ సంస్థల్ని కొండవాళ్ళ విలువలతోనే తూచాలి. కొలతలు మావే, రాసేదీ మేమే. మండలి మనిషి ఒకరు వచ్చి దగ్గరుండి చూస్తారు. 'బాగు' అని తేలితే తీగబండి, కరెంటు, మందులు మరో అయిదేళ్ళు మా చేతిలోనే. 'బాగు లేదు' అని తేలితే చల్లూరి ఆస్పత్రుల సంస్థ ఒకటి వచ్చి తీసుకుంటుంది.

పెద్దలు కూర్చుని మూడు ప్రశ్నలు కట్టారు. మన దగ్గరకొచ్చినవాళ్ళు ఎవరైనా ఒంటరిగా తిన్నారా? మనలో ఎవరినీ అడగకుండా ఏదైనా నిర్ణయం జరిగిందా? మన చేతుల్లో పోయినవాళ్ళకి మన మీద తీరని మాట ఉందా?

మూడో ప్రశ్నకి జవాబు పోయినవాళ్ళే చెప్పాలి.

2

మండలి మనిషి వచ్చింది. హైమవతి గారు. యాభై ఏళ్ళుంటాయి. తీగబండి దిగుతూనే కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది. అల్లం నీళ్ళిచ్చి, తడిగుడ్డ మెడకి చుట్టాను.

ఆమె పనికి అడ్డం రాలేదు. నేను దుప్పట్లు ఉడకేస్తుంటే కర్రతో తిప్పింది. నీటి జల్లెడలు కడుగుతుంటే పక్కన కూర్చుని అడిగింది. "మూడో ప్రశ్న నాకు అర్థం కాలేదమ్మా. వాళ్ళ బంధువుల్ని అడుగుతారా?"

"వాళ్ళనే అడుగుతామండి."

ఆమె చేతిలో జల్లెడ ఆగింది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. మాలో పోయినవాళ్ళు వెంటనే పోరు. ఆరంగి పెద్దమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని కళ్ళు మూసుకుంటే ఆమె నోట పలుకుతారు. తిడతారు, ఏడుస్తారు, కల్లు అడుగుతారు. మేమూ తిరిగి మాట్లాడతాం, కొన్నిసార్లు పోట్లాడతాం. వాళ్ళ మాట పూర్తిగా అయిపోయిన రోజున ఇక రారు. మాకు చావు అక్కడితో పూర్తవుతుంది. ఆస్పత్రిలో పోయినవాళ్ళు మళ్ళీ మళ్ళీ వస్తున్నారంటే మేమేదో తప్పు చేశామన్నమాట. మళ్ళీ ఎవరూ రాకపోతే బాగు.

నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. "మా దగ్గర కబురు వస్తుంది, పట్టీ ఆగింది అని. మా అమ్మకి అలాగే వచ్చింది" అని మళ్ళీ జల్లెడ కడగడం మొదలుపెట్టింది.

3

మొదటి ప్రశ్నకి జవాబు తేలిగ్గానే తేలింది. వంటసాలలో, వార్డుల్లో అందరినీ అడిగాం. లేవలేని రోగి మంచం పక్కన కూడా ఎవరో ఒకరు గిన్నె పట్టుకుని కూర్చుంటూనే ఉన్నారు. ఒక ముసలమ్మ మాత్రం "నన్ను కొన్నాళ్ళు ఒక్కదాన్ని తిననివ్వండర్రా, నా పక్కన కూకున్న పిల్ల నోరు మూయదు" అంది. హైమవతి గారు మొదటిసారి పెద్దగా నవ్వింది.

ఈ రోజు మూడో ప్రశ్న మొదలుపెట్టాం. ఆస్పత్రి వెనక వసారాలో ఆరంగి పెద్దమ్మ చాటలో బియ్యం పోసుకుని, దీపం పెట్టి కూర్చుంది. ఏదో సన్నగా పాడుతూ పాడుతూ ఆగిపోయింది. తల వాలింది. కాళ్ళూ చేతులూ కొయ్యల్లా బిగుసుకుపోయాయి. నేనూ ఇంకో ఇద్దరూ కలిసి మోకాళ్ళు వంచి, వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాం. ప్రతిసారీ ఇంతే. హైమవతి గారు గోడకి ఆనుకుని చూస్తోంది.

ముందు సుక్రు తాత వచ్చాడు. వానల్లో ఊపిరితిత్తులు చెడి పోయాడు.

"అంబలిలో ఉప్పు లేదు" అన్నాడు, ఆరంగి నోటితో.

"డాక్టరు వద్దన్నాడు తాతా" అన్నాన్నేను.

"సచ్చినాక కూడానా?"

వసారా అంతా నవ్వులు. ఆయన కూతురు ఏడుస్తూ నవ్వుతూ కల్లు పోసింది, ఆరంగి గుటుక్కున తాగింది. ఉప్పు సంగతి తప్పితే నాకేటీ మాట లేదన్నాడు తాత. తరవాత పురుట్లో పోయిన ఒకావిడ వచ్చింది. చాలాసేపు ఏడ్చింది. నా చెయ్యి పట్టుకున్నదానివి నువ్వే కదా అని నన్ను అడిగింది. నేనే అన్నాను. చెయ్యి వదల్లేదు కదా అంది. వదల్లేదన్నాను. సరే అని వెళ్ళిపోయింది.

సంగం గట్టెక్కినట్టే అనుకుని మేమంతా లేవబోయాం. ఆరంగి పెద్దమ్మ లేవలేదు.

ఆమె ఒళ్ళు మళ్ళీ బిగుసుకుంది. వేళ్ళు విప్పబోతే రాలేదు, దేన్నో గట్టిగా పట్టుకున్నట్టు గుప్పిళ్ళు ముందుకు చాచి ఉన్నాయి. అప్పుడొక గొంతు వచ్చింది. మా యాస కాదు. ఆరంగి పెద్దమ్మ ఈ కొండ దిగి ఎరగదు. ఆ మాట మాత్రం ఎక్కడో కృష్ణ ఒడ్డుది.

"అబ్బాయ్, గేటు తియ్యండయ్యా. ఒక్కదాన్నే. ఎక్కువ చోటు పట్టను."

నేను పెద్దమ్మ ముందుకి జరిగి కూర్చున్నాను.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాను.

"తియ్యండయ్యా. చువ్వలు కాలిపోతన్నయి."

అంతే. ఆరంగి పెద్దమ్మ పక్కకి ఒరిగింది. గుప్పిళ్ళు తెరిచి చూస్తే రెండు అరచేతుల మీదా అడ్డంగా ఎర్రటి చారలు.

4

హైమవతి గారు యంత్రాన్ని అడిగింది. పట్టీ కట్టించుకుని గేటు దగ్గరే పోయిన ఆడమనిషి ఒక్కరూ లేరని అది చెప్పింది. పట్టీ ఉన్న ప్రతి చావూ మాకు తెలిసిందే.

"ఇంకెవరిదో దారి తప్పిన ప్రాణం" అన్నాడు బుద్దయ్య మావ. "మన మనిసి కాదు. ఒగ్గీండి."

ఆయన అలా అనడం నాకు కొత్త. కొండ మీద కుక్క చచ్చినా ఎవరి కుక్కో కనుక్కునే మనిషి.

మందుల పెట్టెలు తేవాలన్న వంకతో తీగబండిలో కిందికి దిగాను. గేటు కాపలా జమ్మన్నది. జీడితోట వైపు తిరిగి కూర్చుని చీపుళ్ళు కడుతున్నాడు. పైన వచ్చిన మాట చెప్పాను. చీపురు పుల్లలు కింద పెట్టేశాడు.

"నీలం కోక" అన్నాడు.

"ఏటి?"

"నీలం కోక కట్టుకుంది. సువ్వలు పట్టుకుని నిలబడింది. నాను నీల్లిచ్చాను లక్కిమప్పా. సువ్వల్లోంచి ఇచ్చాను. తాలం నా దగ్గర లేదు."

కొంచెం కొంచెంగా చెప్పాడు. నిరుడు ఎండలు మరీ ముదిరిన రోజుల్లో తీగబండి పాడైందని పైన మాకు చెప్పారు. అది పాడవలేదు. గేటు మూసి తాళం పైకి పట్టుకెళ్ళిపోయారు. ఎండలు తగ్గాక జమ్మన్నా, ఇంకో ఇద్దరూ కలిసి బయటున్నవాళ్ళని జీడితోటలో పూడ్చారు.

"ఎంతమంది?" అన్నాను.

తోటలోకి చూపించాడు. చెట్టుకీ చెట్టుకీ మధ్య రాళ్ళ కుప్పలు. నేను ఆ పక్కనుంచి ఎన్నిసార్లు నడిచానో. జీడి పాదులకి కట్టిన రాళ్ళనుకున్నాను.

మాలో ఒక మాటుంది. మన నీళ్ళు తాగినవాళ్ళు మన చుట్టాలు. జమ్మన్నకి అది తెలుసు. అందుకే ఆ తోట వైపు తిరిగి కూర్చుంటున్నాడు రోజూ.

5

ఆరంగి పెద్దమ్మ మంచం పట్టింది. తిండి లేదు. పెదాలు పగిలి రక్తం వస్తోంది. బయట చినుకులు పడుతుంటే ఈమె ఒళ్ళు ఎండలో పెట్టిన పళ్ళెంలా కాలుతోంది. సెలైను ఎక్కించాను, ఇంజెక్షనిచ్చాను, ఏదీ పట్టలేదు.

మాట్లాడమని ఎవరూ అడగకుండానే మాటలు వస్తున్నాయి. నిన్న ఒక మగగొంతు. ఈ రోజు దగ్గుతున్న పిల్ల గొంతు. అందరూ అడిగేది ఒకటే, గేటు. వార్డులో రోగులు చెవులు మూసుకుంటున్నారు. ఒకతను మంచం ఎత్తుకుని వసారాలోకి పోయాడు.

మధ్యలో తెలివి వచ్చినప్పుడు పెద్దమ్మని అడిగాను. "ఎంతమందున్నారు?"

"నా ఎదర ఆ నీలం కోక అమ్మ. దానెనక ఇంకొకలు. ఆలెనక ఇంకొకలు" అంది. "వరస వంపు తిరిగిపోనాది. సివర అగుపించట్లేదే."

"తట్టుకోగలవా?"

"వినేవోలు లేకపోతే నా మీదే కూకుంటారు. నాను ఒక్కదాన్ని ఎంతమందిని మొయ్యగలను? కిందికి దింపండి నన్ను. ఆలున్న కాడికి."

బుద్దయ్య మావ గుమ్మంలో నిలబడి విన్నాడు. నేను చూసేసరికి లేడు.

6

వాన వెలిసిన ఉదయం ఆమెని తీగబండిలో పడుకోబెట్టి కిందికి దింపాం. హైమవతి గారు ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది. బుద్దయ్య మావని రమ్మని నేను పిలవలేదు. బండి కదిలే ముందు తనే ఎక్కాడు. దారంతా ఎవరి మొహమూ చూడలేదు.

గేటు ఎదురుగా, బయటి వైపు, తడిమట్టి మీద అడ్డాకులు పరిచి పెద్దమ్మని కూర్చోబెట్టాం. పాడే ఓపిక లేదు. అవసరం కూడా పడలేదు. కళ్ళు మూసిందో లేదో చేతులు చాచింది.

"వచ్చారా" అంది ఆ గొంతు. కోపం లేదు. పనిమీద పోయి ఆలస్యంగా వచ్చినవాళ్ళని పలకరించినట్టుంది. "గేటెవరు మూశారు?"

మావ కొండ వైపు చూశాడు. "వాళ్ళడిగితే చెప్పాలి మావా" అన్నాను.

"నానే మూయించాను."

"ఎందుకని?"

"పైన సోటు లేదు. మంచం మీద ఇద్దరిద్దరు పడుకున్నారు. గాలి పెట్టే యంత్రాలు సాలలేదు. ఇంకొకల్ని ఎక్కిస్తే పైనున్నోలలో ఒకలు పోతారు. అందుకని."

"పైన ఎవరున్నారు?"

"మావోలు."

"నేను మీ నీళ్ళు తాగానే. ఆ అబ్బాయిచ్చాడు." ఆరంగి పెద్దమ్మ మొహం జమ్మన్న వైపు తిరిగింది, కళ్ళు మూసుకునే. "మంచి నీళ్ళు. చల్లగున్నయి."

జమ్మన్న వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

మావ గేటు దగ్గరికి నడిచాడు. "తెరిస్తే అందరూ పోతారమ్మా. నువ్వే అయితే ఏటి సేస్తావు?"

ఆరంగి పెద్దమ్మ గుప్పిళ్ళు విప్పి, మళ్ళీ బిగించింది.

"చోటు లేదని చెప్పేదాన్ని" అంది ఆ గొంతు. "గేటు కాడికొచ్చి, మొహం చూసి, అమ్మా చోటు లేదు, ఇంకెక్కడన్నా నీడ చూసుకో అని చెప్పేదాన్ని. నాకు అదన్నా చెబితే కాలవ గట్టు దాకా నడిచేదాన్ని. అప్పటికి నడవగలను. మీరు తీస్తారనుకుని నిలబడ్డా. ఎవరో ఒకరు రాకపోతారా అని నిలబడ్డా. ఎంతసేపటికీ ఎవరూ రాలా."

బుద్దయ్య మావ రెండు చేతులతో గేటు చువ్వలు పట్టుకున్నాడు. ఆయన వీపు కదులుతోంది. ఏడుస్తున్నాడని కాసేపటికి గానీ తెలియలేదు.

"అప్పుడు నా కూతురు పైనుందమ్మా" అన్నాడు. "నొప్పులు పడతంది. కిందికొచ్చి మీ మొకాలు సూస్తే తాలం తీసేస్తానని బయమేసింది. అందుకే రాలేదు."

"పిల్ల బాగుందా?"

"బాగుంది. మగపిల్లోడు."

"మంచిది" అంది.

మాలో పోయినవాళ్ళని సాగనంపేటప్పుడు పేరు పెట్టి పిలవాలి. పేరు లేకపోతే దారి దొరకదంటారు. "నీ పేరు చెప్పమ్మా" అన్నాను.

"పేరా?" ఆ గొంతు మొదటిసారి తడబడింది. "పేరుంది. నోట్లోనే ఉంది. ఎవరన్నా పిలిస్తే గుర్తొచ్చుద్ది. ఇక్కడ పిలిచేవాళ్ళు లేరుగా." తరవాత ఆశగా, "అబ్బాయ్, నీకు చెప్పానేమో?"

"నాను అడగలేదమ్మా" అన్నాడు జమ్మన్న.

ఆమె వెళ్ళలేదు. కాస్త పక్కకి జరిగినట్టుంది, అంతే. వెనకవాళ్ళు మొదలుపెట్టారు. ఒక ముసలాయన, ఇద్దరు అన్నదమ్ములు, దగ్గే పిల్ల. ఎవరి నోట్లోనూ పేరు లేదు. ఎండ మా మీదికొచ్చేదాకా విని, మళ్ళీ వస్తామని చెప్పి పెద్దమ్మని పైకి తెచ్చాం. ఆ రోజు ఆమె గుక్కెడు గంజి తాగింది.

7

సంగం కూర్చుంది. తీర్పు రాయాలి.

బుద్దయ్య మావ దాచలేదు. జరిగింది అందరికీ చెప్పాడు. అందరినీ అడగకుండా నిర్ణయం తీసుకున్నానని, రెండో ప్రశ్న కూడా తనవల్లే పోయిందని చెప్పాడు. ఆ తరవాత నన్ను చూసి అన్నాడు. "నన్ను ఎలగొట్టీండి. కొండ దిగిపోతాను. ఆస్పత్రి మీద మాత్రం 'బాగు లేదు' అని రాయకమ్మా. చల్లూరోలొస్తే పట్టీ వోలే కడతారు, వోలిష్టమొచ్చినోలకే కడతారు. అప్పుడా గేటు ఇంకెప్పుడూ తెరుసుకోదు. ఆ సచ్చిపోయినోల కోసం ఇంక రాబోయేవోల్ని సంపుతావా?"

ఆయన చెప్పింది నిజం. ఈ ఎండాకాలానికి ఎంతమంది వస్తారో, వాళ్ళలో మేము ఎంతమందిని బతికించగలమో నాకు తెలుసు. మంచాలు ఊహించుకుంటూ కూర్చున్నాను.

హైమవతి గారు మెల్లగా అంది. "నేనిక్కడ చూడ్డానికి మాత్రమే వచ్చాను. యంత్రం లెక్కలో మీకు నూటికి నూరు. మీరు 'బాగు' అని రాస్తే అడిగేవాళ్ళు లేరు. నేనూ అడగను."

అప్పుడు ఆరంగి పెద్దమ్మ గోడ పట్టుకుని లేచింది.

"రేపో మాపో నానూ పోతాను" అంది. "అప్పుడు మీరు కూకుని, ఆరంగీ, మా మీద మాట ఉందా అని నన్నడుగుతారు. నా ఎనకాల ఆ వరసంతా నిలబడి ఉంటాది. ఏటి సెప్పమంటారు? లేదని సెప్పాలా?"

నేను కాగితం ముందుకి లాక్కున్నాను.

మావ తల వంచుకున్నాడు. "రాయమ్మా" అన్నాడు.

రాశాను. ఒంటరిగా ఎవరూ తినలేదు. అడగకుండా నిర్ణయం జరిగింది. పోయినవాళ్ళకి మా మీద మాట ఉంది, అది తీరలేదు, తీర్చే దారి మాకు తెలియదు. బాగు లేదు.

హైమవతి గారు చదివి, సంతకం పెట్టి, కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. బయల్దేరే ముందు ఆరంగి పెద్దమ్మ దగ్గర కూర్చుని అడిగింది, చల్లూళ్ళో పోయినవాళ్ళు ఇంత దూరం రాగలరా అని. పేరు సెప్పి ఎల్లమ్మా, పిలుస్తాను అంది పెద్దమ్మ. ఆమె తన తల్లి పేరు చెప్పింది.

8

కొత్తవాళ్ళు వచ్చారు. చెడ్డవాళ్ళు కారు. మందులు మాకంటే బాగా తెచ్చారు. గేటు దగ్గర నీడకి పెద్ద కప్పు వేస్తామన్నారు, లోపలి వైపు. పట్టీకి ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, చల్లూరి నుంచి అనుమతి రావాలి. నన్ను ఉండమన్నారు, నర్సులు చాలరని. రెండు వారాలు చేశాను. వంటసాల తీసేసి పొట్లాలు పంచుతున్నారు. ఎవరి మంచం మీద వాళ్ళు తింటున్నారు.

మానేసి కిందికి వచ్చేశాను. గేటు బయట, జీడితోట అంచున మేం కొంతమందిమి పాక వేశాం. జీలుగు మట్టలు దట్టంగా కప్పి, పైన మట్టి మెత్తాం. కొండ ఊటనుంచి వెదురు గొట్టాలతో నీళ్ళు తెచ్చాం. కరెంటు లేదు. గాలి యంత్రం లేదు. తడిగుడ్డలు, నీళ్ళు, అంబలి. దీంతో ఎంతమంది బతుకుతారో చెప్పలేను. ఈపాటికే ఇద్దరు పోయారు. వాళ్ళ పేర్లు అడిగి ఉంచాం. చెరొకసారి వచ్చి మాట్లాడి, తిన్నగా వెళ్ళిపోయారు.

బుద్దయ్య మావ గేటు పక్కనే ఉంటాడు. వచ్చినవాళ్ళకి ఎదురెళ్ళి మొహం చూసి చెబుతాడు. పైకి ఎక్కనివ్వరమ్మా, ఇదిగో ఈ పాకే ఉంది, ఇందులో చోటుందనో, లేదనో. ఉన్నదేదో అది. కొంతమంది ఆయన్ని తిడతారు. వింటాడు. వరసలో ఉన్నవాళ్ళ కోసం పెద్దమ్మ కూర్చున్నప్పుడల్లా ఆమె ఎదురుగా కూర్చుంటాడు. నీలం చీర ఆమె ఇంకా వస్తూనే ఉంది. ఇప్పుడు గేటు అడగదు. నన్నెవరన్నా పిలిచారా అని అడుగుతుంది.

9

ఎండలు మొదలయ్యాయి. ఈ రోజు పొద్దున్నే ఒక ముసలాయన వచ్చాడు. కాళ్ళకి గోనె చుట్టుకుని, తడి తువ్వాలు నెత్తినేసుకుని, కృష్ణ దగ్గర్నుంచి రోజూ తెల్లవారుజామున మాత్రమే నడుస్తూ వచ్చాడట. నీళ్ళిచ్చేలోపే బుద్దయ్య మావ పేరు అడిగాడు. యాకోబు అని చెప్పాడా ముసలాయన.

"పైకి ఎక్కటానికి రాలేదయ్యా" అన్నాడు. "నిరుడు మా ఆడమనిషి ఇటొచ్చింది. నాకు కాళ్ళు పడిపోయినయి అప్పుడు. నువ్వు ముందు పో, నేను వెనకొస్తానని పంపిచ్చా. ఏమైందో కనుక్కుందామని వచ్చా."

"ఆమె పేరేటి?" అన్నాను.

"సువార్తమ్మ."

ఏ చీర కట్టుకుందని అడిగాను. చీర గుర్తులేదన్నాడు. జీడితోట చూపించాం. రాళ్ళ కుప్పల మధ్య నడిచాడు, ఎక్కడా ఆగలేదు. ఏ కుప్పో చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు.

ఆరంగి పెద్దమ్మ సంగతి చెప్పాం. ఆయన మొహం ముడుచుకుంది. "మేం ప్రార్థన చేసుకునేవాళ్ళం. అట్టాటి వాటికాడ కూర్చోం" అన్నాడు. అని, తువ్వాలు దులుపుకుని వచ్చి కూర్చున్నాడు.

పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. నేను పిలిచాను. "సువార్తమ్మా."

"ఆఁ" అంది నీలం చీర ఆమె. వెంటనే. ఆ గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు. "అదే, అదే నా పేరు. వచ్చావా?"

యాకోబు లేచి నిలబడ్డాడు. ఏదో అనబోయాడు.

ఆ గొంతు తగ్గకముందే ఆరంగి పెద్దమ్మ నోట ఇంకో గొంతు వచ్చింది, ఇంకా ముసలిది. "నేనే సువార్తమ్మని. నన్ను పిలిచారు." దాని మీద పడుతూ మరొకటి. "కాదు, నన్ను." తరవాత ఒక మగగొంతు, భయంగా. "సువార్తమ్మ. నేనే. నన్నే పిలిచారు కదా."

పెద్దమ్మ ఒళ్ళంతా వణుకుతోంది. పట్టుకున్నాం. వరసంతా ఆ ఒక్క పేరు మీద పడింది.

"మన పెద్దపిల్ల పేరు చెప్పు" అన్నాడు యాకోబు. "సువార్తా, పెద్దపిల్ల పేరు."

అన్ని గొంతులూ ఆగిపోయాయి. ఎవరికీ తెలియదు. చివరికి నీలం చీర ఆమె అంది. "గుర్తులేదయ్యా. అయినా నేనే అనుకోరాదూ?"

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తోట వైపు చూశాడు, కొండ వైపు చూశాడు. లేచి వెళ్ళిపోతాడని అనుకున్నాను. బుద్దయ్య మావ కొంచెం జరిగి తన పక్కన చోటిచ్చాడు. యాకోబు అక్కడ చతికిలబడ్డాడు.

"వీళ్ళలో నువ్వు కాదని ఎవరితో చెప్పేది నేను" అన్నాడు మాతో. ఆపైన ఆరంగి పెద్దమ్మ వైపు, ఆమె వెనక మాకు కనపడని వాళ్ళ వైపు తిరిగాడు. "తొక్కులాడుకోకండి. అందరి మాటా వింటా. ఇందాక భయపడ్డ అతను ఎవరయ్యా, ముందు నువ్వు చెప్పు."

"నేను సువార్తమ్మని" అంది మగగొంతు.

"సరే సువార్తమ్మా, చెప్పు" అన్నాడు యాకోబు.